లోపలి జేబు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
నా మిషను కిందికి ఆ కోటు
ఇరవై రెండు డిసెంబర్లు వచ్చింది.

మేజర్ సూరాడ పైడియ్య, వీరచక్ర.
పెద జాలారిపేటలో వలలు అల్లే బండియ్య కొడుకు.
బీచ్ రోడ్డు స్తూపం దగ్గర పూలదండ వేసే రోజు
ఇంకా మూడు రోజులుందనగా దిగేవాడు.
మెట్ల మీద ముందు కర్ర చప్పుడు, తర్వాత మనిషి.
"రిబ్బను సూడు మేస్త్రీ, దారం ఊగుతంది."
సగం నీలం, సగం కాషాయం.
ఆ రెండూ కలిసే చోట ఏ రంగు దారం వాడాలో
నాకిప్పటికీ తెలీదు.
నీలంలో మొదలుపెట్టి కాషాయంలో ముడేసేవాణ్ణి.

టేపు మొహమాటపడదు.
నలభై రెండు. నలభై ఒకటిన్నర. ముప్పై తొమ్మిది.
అంకె పైకి చదవకుండా సుద్దతో గీసుకునేవాణ్ణి.
"సంగతి దాసే వేగుని నమ్మకూడదు" అని నవ్వేవాడు,
చేతులు ఇంకాస్త పైకెత్తి.

ఆ రాత్రి సంగతి ఒక్కసారే చెప్పాడు,
కరెంటు పోయి మిషను ఆగినప్పుడు.

తూర్పున ఒక ఏరు. డెబ్భై ఒకటి, డిసెంబరు.
వెనక నూట పన్నెండు మంది.
అవతలి గట్టు మీద మిషన్‌గన్.
వైర్‌లెస్‌లో దాటు, ఇప్పుడే దాటు అని పైవాడి గొంతు.
ఈయన వంగి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడట.
ఉప్పు.
"పోటెక్కుతంది మేస్త్రీ.
మేపులో ఆ ఏరు పడుకునుంది,
నాలిక మీద లేచి నిలబడింది."

వైర్‌లెస్ వినపడనట్టు పక్కన పెట్టించి
అందర్నీ బురదలో కూర్చోబెట్టాడు.
రెండు గంటల పది నిమిషాలు.
ఒకడు జపం. ఒకడు బూటు తాడు విప్పుతూ, కట్టుకుంటూ.
పలాస వైపు కుర్రాడొకడు దగ్గరగా జరిగి
"సార్, బయమేస్తంది" అంటే
"నాకూనురా, సెయ్యిలాగియ్యి" అన్నాడట.

పాటు మొదలై నీరు నడుం కిందికి దిగాక
ముందు తనే దిగాడు.
తెల్లారేసరికి గట్టు మనది.
మనుషులు నూట ఐదు.
పలాస కుర్రాడి గురించి నేనడగలేదు.

బిరుదు కాగితంలో
'ప్రాణాలు లెక్కచేయని తెగువ' అని రాశారట.
ఆ మాట దగ్గర కర్రతో నేలని ఒక్కటి పొడిచాడు.
"లెక్కసెయ్యకపోడమేటి?
ఇవతల లెక్కెట్టినాను. నీట్లో లెక్కెట్టినాను.
అవతల లెక్కెట్టినాను.
ఏడు తగ్గింది.
ఇప్పటికీ సరిపడ్డం నేదు."

కరెంటొచ్చింది. ఇద్దరం వెలుతురుకి మొహాలు తిప్పుకున్నాం.

ఆ ఏడే అడిగాడు,
పతకం వెనక, లైనింగులో, పైకి కనపడని జేబొకటి.
"ఎంతది బాబూ?"
"ఏడు పేర్లు పట్టేంత."

మొన్న కోటు ఒక్కటే వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో.
సైనిక సంక్షేమం ఆఫీసు కుర్రాడు తెచ్చాడు.
అద్దాల బీరువాలో బొమ్మకి తొడుగుతారట.
బొమ్మ ఛాతీ నలభై నాలుగు.
"వదులు చెయ్యండి, వీరుళ్ళా కనపడాలి."

విప్పుతూ కూర్చున్నాను.
ఒక్కో కుట్టూ ఒక్కో డిసెంబరు, వెనక్కి వెనక్కి.
కుట్ల కింద గుడ్డ ఎండ ఎరగని నీలంగా ఉంది,
నలభై రెండు నాటి నీలం.
దాన్ని దాటి ఇంకో రెండంగుళాలు
ఆయన ఎప్పుడూ లేనంత వెడల్పు.
గుడ్డ అతికించాల్సొచ్చింది.

జేబులో కాగితముంది.
చెమటకి తడిసి, ఆరి, తడిసి, అప్పడంలా అయింది.
విప్పితే విరుగుతుంది.
విప్పలేదు.
జేబు మూతికి ఏడు కుట్లు వేశాను.
చాలలేదు.
ఎనిమిదోది వేశాను.

కుర్రాడు సాయంత్రం వచ్చి
మూడొందలా అని బేరమాడి
రెండొందలిచ్చి
మిగతాది రేపన్నాడు.